సుద్ద పెట్టని వంకర

మసి బాబాయి అని ఆయన్ని పిలిచేవాళ్ళలో సగం మంది వయసులో ఆయన కంటే పెద్దవాళ్ళే. అన్నగారి కూతురు పసితనంలో పెట్టిన పేరది. నల్లటి వేళ్ళతో బుగ్గ గిల్లినందుకు ఏడ్చి, "మసి బాబాయ్, పో!" అంది. అంతే, ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి షూటింగ్ క్లబ్బులోకి పాకిపోయింది ఆ పేరు. తల పండిన క్లబ్బు సెక్రటరీ కూడా కిటికీలోంచి తొంగిచూసి, "బాబాయ్, నా రైఫిల్ ఎందాకా వచ్చింది?" అని అడిగేవాడు. "పాకుతోందయ్యా, ఇంకా నడక రాలేదు" అనేవాడు ఈయన తలెత్తకుండా. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినా అలాంటి జవాబే. "చెక్క ఆరేదాకా ఆగమన్నారు. ఆరిందని చెప్పాల్సినవాళ్ళు పోయారు." నవ్వకుండా అనేవాడు కాబట్టి, నవ్వాలో వద్దో తెలీక అవతలివాళ్ళు ఇబ్బంది పడేవాళ్ళు.

తూటాలు పేల్చే పొడవాటి హాలు వెనకాల, గోడకి ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో రెండు బల్లలు. కిటికీ పక్కది బాబాయిది, చెక్క పనికి. దానికి ఎదురుగా లేత్ మిషను, డ్రిల్లింగ్ మిషను, పెద్ద వైసు ఉన్న బల్ల అన్నగారిది, ఇనుము పనికి. అన్నగారిని అందరూ మేస్త్రీ అనేవాళ్ళు. తండ్రి పోయాక తమ్ముడి చేతిలో ఉలి పెట్టింది ఆయనే. "ఇనుము నాకు, చెక్క నీకు. ఇద్దరం ఒకటే పని చేస్తే ఒకడి తప్పు ఇంకొకడికి కనపడదురా" అన్నాడట. ఆ పంపకం మీద ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు.

అక్కడికి వచ్చేవన్నీ చిన్న రైఫిళ్ళు. పాయింట్ టూటూ అంటారు. తూటా అడుగున నడిమధ్యలో కాకుండా అంచు మీద సూది కొడితే పేలే రకం. పిట్ట కొంచెం కూత ఘనం అనుకునేరు, కూత కూడా కొంచెమే. పట్టింపులు మాత్రం కొత్త పెళ్ళికొడుక్కి ఉన్నన్ని. గొట్టం, దాని వెనక తూటా కూర్చునే ఇనప భాగం, ఈ రెండూ చెక్కలో ఎలా పడుకున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది గుండు ఎక్కడ తగిలేదీ. ఇనుము ఒకచోట చెక్కని ఒత్తి, ఇంకోచోట బోలుగా ఉందనుకోండి, బోల్టులు బిగించగానే అది కనపడకుండా వంగుతుంది. పేల్చిన ప్రతిసారీ ఒక్కో తీరుగా వణుకుతుంది. అయిదు గుండ్లు ఒకే చిల్లులో పడాల్సింది పోయి, కాగితం మీద కోడి గెలికినట్టు పడతాయి.

ఆ ఇనుముకి చెక్కలో పడక వెయ్యడమే బాబాయి పని. దీపం మసి నూనెలో కలిపి ఇనుముకి పల్చగా పూసేవాడు. చెక్కలో దాన్ని కూర్చోబెట్టి, చెక్క సుత్తితో రెండు దెబ్బలు వేసి, మళ్ళీ పైకి తీసేవాడు. చెక్కకి ఎక్కడ నలుపు అంటితే అక్కడ ఒత్తుతున్నట్టు. అంతమేర మాత్రమే, పాల మీద మీగడ తీసినంత పల్చగా గీకేవాడు. మళ్ళీ మసి, మళ్ళీ సుత్తి, మళ్ళీ గీకడం. అడుగంతా ఒకే తీరున నల్లబడేదాకా వదిలేవాడు కాదు. ఆఖరికి ఎపాక్సీ జిగురు ఒక పొర వేసి, ఇనుముకి అంటుకోకుండా మైనం రాసి, అందులో పడుకోబెట్టేవాడు. "పసిపిల్లని పడుకోబెట్టడమే. నువ్వు పడుకోమన్నట్టు కాదు, అది పడుకున్నట్టు పడుకోనివ్వాలి" అనేవాడు. పిల్లల్ని పెంచని మనిషికి ఇంత తెలుసా అని వదిన నవ్వేది. "మీ కూతుర్ని ఎవరు పడుకోబెట్టారేమిటి? మీరు ముందే నిద్రపోయేవారుగా" అనేవాడు.

అన్నదమ్ములిద్దరూ పొద్దస్తమానం పోట్లాడుకునేవాళ్ళు. "నీ ఇనుముకి పొగరెక్కువ" అని ఈయన. "నీ చెక్కకి అలకెక్కువ. వానొస్తే ఉబ్బుతుంది, ఎండొస్తే ముడుచుకుంటుంది" అని ఆయన. కానీ అసలు తప్పు కనపడినప్పుడు మాత్రం ఇద్దరూ నోరు విప్పేవాళ్ళు కాదు. అది వాళ్ళ పద్ధతి. అన్న చేసినదాంట్లో లోపం కనపడితే తమ్ముడు దాని చుట్టూ తెల్ల సుద్దతో సున్నా చుట్టి, ఆ ముక్కని అన్న బల్ల మీద పెట్టి వచ్చేసేవాడు. తమ్ముడి పనిలో ఉంటే అన్నా అంతే. ఎందుకు, ఏమిటి అని అడిగేది లేదు, వాదించేది లేదు. సుద్ద గుర్తు పడితే చేసిన పని విప్పి మళ్ళీ చెయ్యాల్సిందే. బయటి మనిషి ఎవరైనా తప్పు పడితే మేస్త్రీ ఇంతెత్తున లేచేవాడు. సుద్ద గుర్తు ముందు మాత్రం కిక్కురుమనేవాడు కాదు.

ఆ ఏడు మేస్త్రీ అన్నం తినేటప్పుడు ముద్ద నోటి దగ్గరికి వచ్చేలోగా ఆలస్యమవుతోందని బాబాయి చూశాడు. చూసి తల తిప్పుకున్నాడు. ఒకరోజు కేరియర్ తెచ్చిన వదిన, మేస్త్రీ సబ్బుతో చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్ళిన సందు చూసుకుని, కొంగుతో బల్ల అంచు తుడుస్తూ గొంతు తగ్గించింది.

"నాయనా, మీ అన్నయ్య కుడిచేతి వణుకు ఇక తగ్గదట. మిషను పని మానెయ్యమన్నాడు డాక్టరు. ఇంటికొచ్చాక నేనూ అదే మాట అంటే కంచం తోసేసి లేచిపోయారు. నువ్వు మాత్రం ఏమీ అనకు. ఈ షెడ్డు లేకపోతే ఆయన బతకరు."

"నేనెందుకంటాను వదినా?" అన్నాడు బాబాయి.

అన్నాడే గానీ అన్న లేని షెడ్డుని ఆయన ఊహించుకోలేకపోయాడు. ఎదుటి బల్ల ఖాళీగా ఉంటే తను ఎవరితో పోట్లాడాలి? అన్న ఇంట్లో మంచం మీద కూర్చుని వీధిలోకి చూస్తూ ఉంటే, సాయంత్రం తను ఏ మొహంతో ఆ ఇంటికి అన్నానికి వెళ్ళాలి?

ఆ తరవాతే అమ్మాయి రైఫిల్ పని వచ్చింది. బాబాయి బుగ్గ గిల్లిన పిల్లే, ఇప్పుడు క్లబ్బులో గురి బాగా కుదిరినవాళ్ళలో ఒకతె. పోటీలు దగ్గర పడుతున్నాయి. పాత పడక అరిగిపోయింది, ముందు బోల్టు బిగిసే ఇనప రంధ్రంలో మర గాట్లు కూడా అరిగిపోయాయి. రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి కొత్త మర వెయ్యాలి. కూతురి రైఫిల్ కదా, మేస్త్రీ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మర వేసి, నూనె తుడిచి, తమ్ముడి బల్ల మీద పెట్టాడు. "ఇదిగో, నా వంతయింది. ఇక నీ అలకల చెక్క సంగతి చూసుకో" అన్నాడు.

బాబాయి చెక్క గీకి, మసి పూసి, కూర్చోబెట్టి బోల్టులు బిగించాడు. గొట్టం కొనకీ చెక్కకీ మధ్య సందులో ఎడమచేతి చూపుడువేలు ఆనించి, కుడిచేత్తో ముందు బోల్టు వదులు చేశాడు. గొట్టం కదలకూడదు. కదిలింది. వెంట్రుకవాసే, కానీ వేలికి తెలిసింది. తప్పు తనదే అనుకున్నాడు. మళ్ళీ మసి పూశాడు, నలుపు ఒక పక్కనే అంటింది. గీకాడు. మళ్ళీ అదే పక్క. చెక్కనీ తననీ కలిపి నాలుగు తిట్లు తిట్టుకున్నాడు. మూడోసారి కూడా అదే పక్క నల్లబడేసరికి తిట్టడం ఆపి, ఇనుముని పైకి తీసి, ఒట్టి బోల్టుని చేత్తో ఆ రంధ్రంలోకి తిప్పి చూశాడు.

బోల్టు నిటారుగా నిలబడలేదు. పిలిస్తే పక్కకి తిరిగి చూసే మనిషిలా ఓ పక్కకి ఒరిగింది. మూలమట్టం ఆనించి చూశాడు. మర వంకరగా పడింది. పనిముట్టు రంధ్రంలోకి దిగేటప్పుడు పట్టుకున్న చెయ్యి నిలవలేదు. అన్న చేతి పనిలో అలాంటి వంకర బాబాయి తన జీవితంలో చూడలేదు.

సుద్ద ముక్క కిటికీ మీదే ఉంది. తీసుకున్నాడు. ఎదురుగా మేస్త్రీ వెనక్కి తిరిగి ఏదో పాటకి ఈల వేస్తూ లేత్ మిషను తుడుస్తున్నాడు. ఒక్క సున్నా చుట్టి ఆ బల్ల మీద పెడితే చాలు. పెడితే ఏమవుతుందో కూడా బాబాయికి తెలుసు. అన్న దాన్ని చూస్తాడు, కిక్కురుమనడు, రంధ్రం పూడ్చి మళ్ళీ మర వెయ్యబోతాడు. చెయ్యి మళ్ళీ వణుకుతుంది. అప్పుడు తెలిసిపోతుంది ఇక తన వల్ల కాదని. మింగలేక కక్కలేక నిలబడ్డాడు. సుద్ద ముక్క వేళ్ళ మధ్య పొడి పొడి అయిపోయింది.

చివరికి ఏం చేశాడంటే, ఇనుములో ఉన్న వంకరని చెక్క కడుపులో పెట్టుకున్నాడు. చెక్కలో బోల్టు వెళ్ళే దారిని పెద్దది చేసి, అందులో అల్యూమినియం గొట్టం ముక్కని బోల్టు ఎంత ఒరిగిందో అంతే ఒరిగేలా నిలబెట్టాడు. బోల్టు తల సమంగా ఆనేలా దాని అడుగు అరగదీశాడు. అప్పుడిక బోల్టు తన వంకరలో తాను నిశ్చింతగా బిగుసుకుంటుంది, ఇనుముని పక్కకి లాగదు. చుట్టూ జిగురు వేసి, మైనం రాసిన ఇనుముని బరువు పెట్టకుండా పడుకోబెట్టి, గట్టిపడనిచ్చాడు. పైకి చూస్తే ఏమీ లేదు. అంత కష్టమైన పడక ఆయన ఎప్పుడూ వెయ్యలేదు, అంత బాగా కూడా వెయ్యలేదు. ఎవరికీ చూపించుకోలేని గొప్ప పని. ఏం గొప్పలెండి, సిగ్గుతో చేసినదానికి గొప్పేమిటి!

మర్నాడు బోల్టు వదులు చేసి వేలు ఆనించి చూశాడు. గొట్టం ఉలకలేదు, పలకలేదు. అమ్మాయి హాల్లో బోర్లా పడుకుని పేల్చింది. అయిదు గుండ్లు దాదాపు ఒకే చిల్లులోంచి దూరి వెళ్ళాయి. "బాబాయ్!" అని కేకేసి కాగితం ఊపుకుంటూ షెడ్డులోకి పరిగెత్తుకొచ్చింది. మేస్త్రీ ఆ కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. పట్టుకున్న చేతిలో కాగితం అదురుతోంది. కూతురు వెళ్ళిపోయాక తమ్ముడి వైపు తిరిగాడు.

"లోపలేమన్నా కనపడిందా?"

"ఏముంటుంది? అంతా బానే ఉంది" అన్నాడు బాబాయి ఉలికి నూనె పూస్తూ.

"నా మర?"

"నీ మరకేం, నిక్షేపంలా ఉంది."

మేస్త్రీ ఇంకాసేపు అక్కడే నిలబడ్డాడు. వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆ సాయంత్రం అన్నం దగ్గర మనిషి హుషారుగా ఉన్నాడు. వదినని ఆటపట్టించాడు. డాక్టర్లకి పనీపాటా లేదన్నాడు. వదిన బాబాయి వైపు చూసి కళ్ళతోనే దణ్ణం పెట్టింది. మంచి పనే చేశానని బాబాయి తృప్తిగా పడుకున్నాడు, పాపం.

ట్రిగ్గర్ల పని మేస్త్రీ ఏడాదిగా ముట్టుకోవడం లేదు. లోపల కొక్కెం మెట్టు ఉంటుంది, సూదిని వెనక్కి పట్టి ఉంచేది అదే. దాన్ని ఆకురాయితో, ఆ తరవాత నున్నటి రాయితో తగుమాత్రంగా అరగదియ్యాలి. ఎక్కువైతే పట్టు జారుతుంది. అలాంటివి వస్తే ఏదో వంక చెప్పి వేరేచోటికి పంపించేసేవాడు. కానీ ఆ వారం అమ్మాయి, "నాన్నా, ట్రిగ్గర్ కాస్త బరువుగా ఉంది" అనగానే, "ఇలా ఇవ్వు, దానికి ఇంకొకడెందుకు? నేను చేస్తా" అన్నాడు. బాబాయి విన్నాడు. నోటిదాకా వచ్చింది. ఇప్పుడు వద్దంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్తే మర సంగతి చెప్పాలి. ఒక అబద్ధాన్ని కాపాడటానికి ఎన్ని కావాలో అబద్ధమాడేముందు ఎవరికి తెలుస్తుంది? చెక్క గీకుతూ కూర్చున్నాడు. అన్న తల వంచి రాయి మీద కొక్కెం రుద్దుతుంటే ఆ చప్పుడు ఒక వరసలో లేదని, ఆగి ఆగి వస్తోందని చెవికి తెలుస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్న హాల్లో అమ్మాయి రైఫిల్‌ని కొన కిందికి వాలేలా చెక్క స్టాండు తలకి ఆనించి తూటా పెట్టింది. వెనక గడియ ముందుకి తోసిందంతే, ట్రిగ్గర్ మీద వేలు కూడా పెట్టలేదు, పేలింది. గుండు స్టాండు తల చీల్చుకుని నేలకి తగిలి ఎటో పోయింది. క్షణం ముందు ఆ స్టాండు తల మీదే ఉంది ఆమె ఎడమచెయ్యి. మొహాన చెక్క పేళ్ళు తగిలి అక్కడక్కడా రక్తం చిమ్మింది. పక్కన నిలబడి చూస్తున్న బాబాయి స్టాండు దగ్గరికి ఉరికాడు. ఆ చేతిని పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూశాడు. అన్నీ ఉన్నాయి.

సెక్రటరీ పరిగెత్తుకొచ్చాడు. హాలంతా ఆపేశారు.

"ట్రిగ్గర్ ఎవరు చేశారమ్మా?"

అమ్మాయి కళ్ళనిండా నీళ్ళతో బాబాయి వైపు చూసింది.

"నేనే" అన్నాడు బాబాయి. "తెలీని పనిలో వేలు పెట్టాను. తప్పు నాదే."

రైఫిల్‌ని గదిలో పెట్టి తాళం వేశారు. ఇక మీదట చెక్క తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దని సెక్రటరీ బాబాయికి అందరి ముందూ గట్టిగానే చెప్పాడు. చెప్పాల్సిందే మరి. బాబాయి తల ఊపాడు. షెడ్డులోకి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. ఎదుటి బల్ల దగ్గర ఎవరూ లేరు. మేస్త్రీ అప్పుడే ఇంటి నుంచి వచ్చి నేరుగా హాల్లోకి వెళ్ళాడట. కూతురి మొహం తుడిచి, జరిగింది విని, తిరిగి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"నువ్వు చేశానన్నావట" అన్నాడు. "ఆకురాయి ఏ చేత్తో పట్టుకోవాలో తెలుసురా నీకు?"

బాబాయి ఇక దాచలేకపోయాడు. ఇంకా దాస్తే తను మనిషినే కాదనిపించింది. "అన్నయ్యా, అది కాదు, అంతకు ముందే నేను తప్పు చేశాను. నీ మర వంకరగా పడింది. నాకు తెలుసు. సుద్ద పెట్టకుండా, పైకి కనపడకుండా, ఆ వంకరకి తగ్గట్టే పడక వేశాను. బానే ఉందని నీకు అబద్ధం చెప్పాను" అన్నాడు. చెప్తుండగానే ఏడుపొచ్చింది. అన్న అరుస్తాడనుకున్నాడు. అరిస్తే బాగుండనుకున్నాడు.

మేస్త్రీ అరవలేదు. వచ్చి తమ్ముడి బల్ల మీద చేతులు ఆనించుకుని నిలబడ్డాడు.

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"మర వంకరని. పనిముట్టు పక్కకి దిగుతుంటే పట్టుకున్న చేతికి తెలీదా? తెలిసే నీ బల్ల మీద పెట్టాను. నువ్వు పట్టుకుంటావని. డాక్టరు చెప్పాడు, నేను వినలేదు. మీ వదిన చెప్పింది, కంచం తోసేశాను. నువ్వు సున్నా చుట్టి నా బల్ల మీద పెడితే ఆ పూటతో ఆకురాయి కింద పెట్టేద్దామనుకున్నాను. రోజూ పొద్దున్నే వచ్చి బల్ల చూసుకున్నాను. లేదు. నోరు తెరిచి అడిగాను కూడా. నిక్షేపంలా ఉందన్నావు." ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "నువ్వన్నావు కాబట్టి, సరే నాదే భ్రమ, చెయ్యి బానే ఉందనుకున్నాను. అనుకునే ట్రిగ్గర్ పట్టుకున్నాను."

గోడ అవతల హాల్లో ఎవరో చీల్చుకుపోయిన స్టాండుని బయటికి ఈడుస్తున్నారు.

"నా గురించి బయట అందరూ ఒకటే మాటరా. మేస్త్రీ గారికేం, బ్రహ్మాండం అంటారు. వయసులో పెద్దవాణ్ణని మర్యాద చేస్తారు. ఎవరి మాటా నేను నమ్మను. నాకు మర్యాద చెయ్యనివాడు ఒక్కడున్నాడు, వాడి మాట చాలనుకున్నాను." బల్ల మీద ఆనించిన కుడిచెయ్యి వణుకుతుంటే, దాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాడు. "నువ్వూ మర్యాద చేశావేంట్రా నాకు?"